ఆ పేరు గట్టిగ తియ్యకు బిడ్డా

పిహెచ్‌డి పనికోసం జనగామ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి ముసలమ్మల మాటలు రికార్డు చేసుకున్న రోజుల్లో, అందరికంటే చివర మా నాయనమ్మ దగ్గరికి వచ్చాను. ఇంట్లో మనిషే కదా, ఎప్పుడైనా అడగొచ్చులే అనుకోవడం వల్ల అట్లా అయింది. అప్పటికి ఆమెకు ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయి. మాటల మధ్యలో మా ఊరి దొర పేరు ఎత్తి, ఆయన గడి గురించి చెప్పమన్నాను. ఆమె చేతిలో ఉన్న చింతపండు పక్కన పెట్టి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి "ఆ పేరు గట్టిగ తియ్యకు బిడ్డా" అంది.

ఆ గడి పైకప్పు ఎప్పుడో కూలిపోయింది. గోడల మధ్య తుమ్మచెట్లు మొలిచాయి. మేకలు కాసే పిల్లలు మధ్యాహ్నంపూట ఆ నీడలో పడుకుంటారు. "ఇంకెవరున్నరే నానమ్మా, అంతా పాయె గదా" అన్నాను. "పోలే. పట్నంల ఉన్నరు" అంది. ఆ తర్వాత మాట మార్చింది. టేపులో ఆ చోట చాలాసేపు చింతపండు గింజలు తీస్తున్న చప్పుడు తప్ప మరేమీ వినపడదు.

నియంతల చరిత్ర మనకు ఎట్లా చెప్పారు? ఒక మగవాడు, ఒక మైకు, ఒక బాల్కనీ, కింద వేలమంది జనం. రోమ్‌కు కవాతు 1922లో, హిట్లర్ ఛాన్సలర్ కావడం 1933లో అని తేదీలు బట్టీపట్టాం. అధికారంలోకి ఎట్లా వచ్చాడు, ఎట్లా పోయాడు అనే రెండు ప్రశ్నల మధ్యే ఆ కథ నడుస్తుంది. మా నాయనమ్మ భయం మాత్రం ఆ కథలో ఎక్కడా ఇమడదు. ఆమె నిజాంను ఎన్నడూ చూడలేదు. ఆయన ముఖం చేతిలో పడ్డ నాణెం మీద కూడా ఉండేది కాదు, చార్మినార్ ఉండేది. పదీ పన్నెండేళ్ల వయసులో ఆమె చూసిన రాజ్యం గడి మెట్ల దగ్గర మొదలై అక్కడే ముగిసేది. ఆ రాజ్యం పోయిందని చరిత్ర పుస్తకాలు చెప్పిన డెబ్బై ఏళ్లకు కూడా ఆమె గొంతు తగ్గించింది. ఈ వ్యాసంలో నా ప్రశ్న అదే. నిరంకుశత్వం ఎక్కడ కాపురముంటుంది? దాన్ని ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే మనకు తెలిసిన కథ ఏమవుతుంది?

ముందే ఒక మాట చెప్పుకోవాలి. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హిట్లర్ లాంటి నియంత కాదు. ఆయనది వంశపారంపర్య రాచరికం, దానిపైన బ్రిటిష్ రెసిడెంటు నీడ. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఉస్మానియా ఆసుపత్రి ఆయన కాలంలోనే వచ్చాయి. అందుకే ఆయన్ని కొందరు ఆధునిక ప్రభువుగా పొగుడుతారు, కొందరు రాక్షసుడిగా తిడతారు. రెండు వాదాలూ చూపును సింహాసనం మీదే నిలబెడతాయి. ఎనభై రెండు వేల చదరపు మైళ్ల రాజ్యం, కోటీ అరవై లక్షలకు పైగా జనం. అంతమందిని హైదరాబాదులో కూచున్న ఒక్క మనిషి ఎట్లా లొంగదీసుకోగలడు?

పదహారో శతాబ్దంలోనే ఫ్రాన్సులో ఎతియెన్ ద లా బొయెసీ అనే యువకుడు ఇదే ప్రశ్న వేసుకున్నాడు. నిరంకుశుడికి ఉన్నవి రెండు కళ్లే, రెండు చేతులే కదా, మరి ఇంతమంది ఎందుకు లొంగుతున్నారని అడిగాడు. ఆయన ఇచ్చుకున్న జవాబులో ఒక నిచ్చెన ఉంది. పైవాడి చుట్టూ అయిదారుగురు, వాళ్ల కింద వందలమంది, వాళ్ల కింద వేలమంది. ప్రతి మెట్టు మీదా ఉన్నవాడికి దోపిడిలో కొంత వాటా, తనకంటే కిందివాడి మీద కొంత పెత్తనం. తెలంగాణ చరిత్ర చదివినవాళ్లకు ఈ నిచ్చెన మెట్లకు పేర్లు కూడా తెలుసు. జాగీర్దారు, దేశ్‌ముఖ్, దేశ్‌పాండే, మక్తేదారు, పటేలు, పట్వారీ, మాలీపటేలు, చివరికి గడి ముందు కర్ర పట్టుకు నిలబడ్డ జీతగాడు.

ఈ మెట్లు ఆకాశం నుంచి దిగలేదు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మొదటి సాలార్‌జంగ్ రెవెన్యూ సంస్కరణలు తెచ్చాడు. అంతకుముందు శిస్తు వసూలు చేసిపెట్టే దేశ్‌ముఖ్‌లను ఆ పని నుంచి తప్పించి, వాళ్లకు పరిహారంగా రుసుం ఏర్పాటు చేశాడు. భూమిని కొలిచి, పట్టాలు రాసి, ఆధునిక పాలన తేవాలన్నది ఉద్దేశం. అయితే లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంది? దస్త్రం రాయడం, చదవడం వచ్చినవాళ్లు ఎవరు? తరాలుగా సాగుచేసుకుంటున్న రైతుకు తన భూమి ఇంకొకరి పేరు మీద పడిందని తెలిసేసరికి ఏళ్లు గడిచిపోయేవి. అట్లా కాగితం మీద పుట్టిన సామ్రాజ్యాలు అవి. పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో ఇచ్చిన లెక్కల ప్రకారం విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి లక్షా యాభై వేల ఎకరాలు ఉండేవి. కత్తితో గెలిచిన భూమి కాదిది. కలంతో గెలిచింది. అక్షరాన్ని ఎంతో పవిత్రంగా చూసుకునే మన సాహిత్యలోకం ఈ సంగతి అప్పుడప్పుడైనా గుర్తుచేసుకోవాలి.

ఇక నిచ్చెన కింది మెట్టుకు వద్దాం. దాని కిందే ఆడవాళ్లున్నారు.

వెట్టి గురించి రాసినవాళ్లు కులాలవారీగా జాబితా ఇస్తారు. చాకలివాళ్లు బట్టలు ఉతకాలి, కుమ్మరివాళ్లు కుండలు ఇయ్యాలి, మంగలివాళ్లు ఒళ్లు పట్టాలి, మాదిగవాళ్లు చెప్పులు కుట్టాలి, కబురు మోయాలి, గొల్లకురుమలు గొర్రెనియ్యాలి, గౌండ్లవాళ్లు కల్లు పొయ్యాలి. ఈ జాబితాలో ఉన్నవన్నీ మగవాళ్ల వృత్తుల పేర్లు. వడ్లు దంచిందెవరు? గడి వాకిలి ఊడ్చి అలికిందెవరు? దొరసాని పురిటికి రాత్రింబవళ్లు కూచున్నదెవరు? ఆ పనులకు వృత్తి పేరు లేదు కాబట్టి అవి జాబితాలోకి రాలేదు. వెట్టిని నిషేధిస్తూ నిజాం ప్రభుత్వం నుంచి ఉత్తర్వులు కూడా వచ్చాయి. ఊళ్లో దాన్ని చదివి వినిపించాల్సిన పటేలు, పట్వారీలే వెట్టి చేయించుకునేవాళ్లు అయినప్పుడు ఆ ఉత్తర్వు ఏ గడప దాటుతుంది?

ఇంతకంటే ఘోరమైంది ఆడబాప పద్ధతి. దొర బిడ్డ అత్తగారింటికి పోతుంటే పసుపు కుంకుమలతోపాటు ఒక ఆడపిల్లను కూడా పంపేవాళ్లు. ఆ పిల్లకు పెళ్లి లేదు, ఇల్లు లేదు. జీవితాంతం ఆ ఇంటి చాకిరీ, ఆ ఇంటి మగవాళ్ల కోరిక. ఆమె పేరు ఏ పెళ్లి లెక్కలోనూ మనిషిగా ఉండదు, పెట్టుపోతల్లో ఉంటుంది. దొర ఊరి పెళ్లికూతుళ్ల మీద కూడా హక్కు ఉన్నట్టు ప్రవర్తించిన చోట్లున్నాయి. బాలింతలు పొలం పనిలో ఉండగా ఇంటి దగ్గర పిల్ల ఏడుస్తున్నదని చెప్తే, నిజంగా పాలిచ్చే తల్లివేనా అని పాలు పిండి చూపించమన్న కథనాలు జనగామ ప్రాంతంలో ఇవాళ్టికీ చెప్పుకుంటారు. కడవెండి గడిలో ఉన్న విసునూరు దొర తల్లి జానమ్మ దొరసాని పేరు ఆ కథనాల్లో తరచుగా వినపడుతుంది. ఆడది అధికారంలో ఉంటే ఆడవాళ్ల కష్టం తెలుస్తుందనే మన తేలికైన ఆశకు ఆ పేరే జవాబు. నిచ్చెన మీద మెట్టు దొరికినవాళ్లు ఆడవాళ్లయినా ఆ మెట్టుకు తగ్గట్టే నడుచుకుంటారు.

హనా ఆరెంట్ 1951లో సర్వాధికార పాలనల మూలాల గురించి రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఒక ముఖ్యమైన సంగతి చెప్పింది. మామూలు నిరంకుశుడు మనిషి బహిరంగ జీవితాన్ని మాత్రమే నాశనం చేస్తాడు, సర్వాధికార పాలన సొంత జీవితాన్ని కూడా వదలదని ఆమె విశ్లేషణ. మనుషులను ఒకరి నుంచి ఒకరిని విడదీసి ఒంటరివాళ్లను చేయడం దానికి పునాది అంటుంది. ఆమె కళ్లముందు ఉన్నవి జర్మనీ, రష్యా. నేను ఆ పేజీలు చదువుతున్నప్పుడు నాకు గడి కనపడింది. పెళ్లి, కాన్పు, చనుబాలు, నిద్ర, వేటికీ మినహాయింపు లేని అధికారం అది. నాజీ ప్రభుత్వం 1938లో తల్లుల కోసం ఒక పతకం పెట్టింది. నలుగురు పిల్లల్ని కంటే కంచు, ఆరుగురికి వెండి, ఎనమండుగురికి బంగారం. గర్భంలోకి వచ్చిన ఆ ప్రభుత్వాన్ని ప్రపంచం వింతగా చెప్పుకుంది. వెట్టి చేసిన మా ఆడవాళ్లకు అది వింత కాదు. బహిరంగ జీవితం, సొంత జీవితం అనే విభజన వాళ్లకు ఎన్నడూ దక్కలేదు. అందుకే నిజాం రాజ్యం సర్వాధికార రాజ్యమా కాదా అని రాజనీతిశాస్త్ర పండితులు తేల్చుకునేలోపలే, ఆడవాళ్ల బతుకులో ఆ "సర్వ" అనే మాట పూర్తిగా నిజమైపోయింది.

భయం ఒక్కటే ఇంత పనిచేస్తుందా? చేయదు. భయానికి తోడు అనుమతి అనే అలవాటు కావాలి. హైదరాబాదు సంస్థానంలో సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలి. గస్తీ నిషాన్ 53 అనే ఆ ఉత్తర్వు పేరు మా ప్రాంతపు పాతతరం కార్యకర్తలకు కంఠతా వచ్చు. ఏం మాట్లాడతారో, ఎవరు మాట్లాడతారో ముందే చెప్పాలి. తెలుగు పుస్తకాలు పెట్టుకున్న గ్రంథాలయం మీద కూడా అనుమానపు చూపే. మా హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం లాంటివి ఆ గాలి ఆడని కాలంలో కిటికీలు. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభకు ధోండో కేశవ్ కార్వే అధ్యక్షుడు. మనదేశంలో మొదటి మహిళా విశ్వవిద్యాలయం స్థాపించిన కార్వేనే. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. దాని పక్కనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ జరిగింది.

ఆ మహిళాసభల ప్రాముఖ్యం తక్కువ కాదు. నోరు తెరవడమే నేరమైన చోట ఆడవాళ్లు వేదిక ఎక్కారు. బాల్యవివాహాలు, ఘోషా, చదువు గురించి మాట్లాడారు. అయితే అక్కడికి రాగలిగింది చదువు అందిన ఇళ్ల ఆడవాళ్లు. గడిలో వడ్లు దంచుతున్న స్త్రీ ఆ సభకు రాలేదు, ఆమెకు ఆ పూట సెలవు లేదు. రెండు రకాల నిశ్శబ్దాలు పక్కపక్కనే ఉన్నాయి. అనుమతి అడిగి మాట్లాడగలిగిన ఆడవాళ్లు ఒకవైపు, అనుమతి అనే మాట కూడా తెలియని ఆడవాళ్లు ఇంకోవైపు. ఈ గీతను చెరపడానికి ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది.

1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన మహాసభ సభ్యత్వ రుసుమును ఒక అణాకు తగ్గించింది. రుసుము తగ్గింపు చిన్న తీర్మానంలా కనపడుతుంది గానీ గడికి పడ్డ మొదటి గండి అదే. ఊరూరా అది "సంఘం" అయింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకుంటున్న భూమి మీద విసునూరు దొర రామచంద్రారెడ్డి కన్ను పడింది. భర్తనూ కొడుకులనూ కేసుల్లో ఇరికించారు. పంట కోసుకుపోవడానికి మనుషుల్ని పంపారు. సంఘం కార్యకర్తలు తోడు నిలబడగా ఐలమ్మ తన వడ్లను తన ఇంటికి చేర్చుకుంది. ఆమె తుపాకి పట్టలేదు, వడ్లు పట్టుకుంది. ఏ ఆడవాళ్ల చాకిరీ పేరు లేకుండా పోయిందో ఆ చాకిరీ ఫలమే పోరాటానికి కారణమైంది. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాత ఊళ్లు ఆగలేదు.

నిచ్చెన కింది మెట్టు కదిలితే పైమెట్టు ఏం చేస్తుంది? నియంతలు అధికారంలోకి వచ్చే క్షణం సరిగ్గా ఇదే. హైదరాబాదులో అది 1946, 47లలో వచ్చింది. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ 1946లో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడయ్యాడు. రజాకార్లనే స్వచ్ఛంద దళం ఆయన చేతికింద సైన్యమైంది. 1947 అక్టోబరు చివర నిజాం ప్రతినిధులు యథాతథ ఒప్పందం కోసం ఢిల్లీ బయల్దేరాల్సిన తెల్లవారుజామున వేలమంది గుంపు ప్రధాని చత్తారీ నవాబు ఇంటినీ, మిగతా ప్రతినిధుల ఇళ్లనూ చుట్టుముట్టింది. ప్రయాణం ఆగింది. చత్తారీ రాజీనామా చేశాడు. కొద్దివారాల్లో రజ్వీకి అనుకూలుడైన మీర్ లాయఖ్ అలీ ప్రధాని అయ్యాడు. ఎన్నిక లేదు, తిరుగుబాటు ప్రకటన లేదు. వీధిలో ఒక గుంపు, లోపల ఒక రాజు మౌనం. అంతే.

సరిగ్గా పాతికేళ్ల ముందు, 1922 అక్టోబరు చివర, ఇటలీలో ఇదే జరిగింది. ముస్సోలినీ నల్లచొక్కాల దళాలు రోమ్ వైపు కదిలాయి. వాళ్లను ఆపడానికి మార్షల్ లా ఉత్తర్వు సిద్ధంగా ఉంది. రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ దాని మీద సంతకం చేయలేదు, ముస్సోలినీనే పిలిచి ప్రధానిని చేశాడు. జర్మనీలో 1932 నవంబరు ఎన్నికల్లో హిట్లర్ పార్టీకి వచ్చింది మూడోవంతు ఓట్లు. 1933 జనవరి 30న అతన్ని కుర్చీలో కూచోబెట్టింది చుట్టూ ఉన్న పెద్దమనుషులు, మనం చెప్పినట్టు వింటాడులే అనే ధీమాతో. రెండు నెలలు తిరక్కుండానే పార్లమెంటు తన అధికారాన్ని తానే అతని చేతికి రాసిచ్చింది. దేశాలు వేరు, మతాలు వేరు, కథ ఒకటే. కిందివాళ్లు లేచి నిలబడతారనే భయంతో పైవాళ్లు ఒక మూకను వాడుకోవాలనుకుంటారు. ఆ మూక వాళ్లనే వాడుకుంటుంది.

మా జిల్లాలో ఆ రెండేళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. 1946 ఆగస్టు 11న వరంగల్ కోటలో జెండా ఎగరేసినందుకు బత్తిని మొగిలయ్యను చంపారు. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జనం మీద కాల్పులు జరిపారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద పడి ఊరిని శ్మశానం చేశారు. అక్కడ మగవాళ్ల పేర్లు స్తూపం మీద చెక్కారు. ఆడవాళ్ల మీద జరిగిన అత్యాచారాలకు స్తూపం లేదు. ఏ యుద్ధస్మారకానికీ ఆ అలవాటు లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ కథను హిందువులు, ముస్లింల కథగా చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. అట్లా చెబితే నిచ్చెన మాయమై మతం మాత్రమే మిగులుతుంది. రజాకార్లకు గడుల్లో అన్నం పెట్టిన దొరలు హిందువులు. నిజాం నిరంకుశత్వానికి ఎదురు తిరిగిన మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం. రజాకార్లకు వ్యతిరేకంగా తన ఇమ్రోజ్ పత్రికలో రాసిన షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో, రాసే చేతిని నరికి చంపారు. ఆ సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక సంస్థానంలోని చాలా జిల్లాల్లో మామూలు ముస్లింల మీద ఊచకోత జరిగింది. పండిట్ సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ అంచనా వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారంది. ఎత్తుకుపోయిన స్త్రీల గురించి, బావుల్లో దూకిన స్త్రీల గురించి కూడా రాసింది. ఆ నివేదిక 2013 దాకా జనానికి అందలేదు. విముక్తి అని మనం పిలిచే రోజున కూడా ఆడవాళ్ల శరీరం మీద ప్రతీకారం రాశారు.

1948 సెప్టెంబరు 17తో సింహాసనం కథ ముగిసింది. నిజాం మాత్రం 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నాడు. గడి కథ ముగియలేదు. సంఘానికి భయపడి పట్నం పారిపోయిన దొరలు సైన్యం నీడలో, కొత్త టోపీలతో తిరిగొచ్చారు. పోరాటం 1951 అక్టోబరు దాకా సాగి ఆగిపోయింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" చదివినవాళ్లకు తెలుసు, ఆ తర్వాత ఆడవాళ్ల సంగతి ఏమైందో. మల్లు స్వరాజ్యం లాంటి ఒకరిద్దరు రాజకీయాల్లో నిలబడ్డారు. తుపాకి పట్టినవాళ్లు, కబురు మోసినవాళ్లు, అడవిలో కన్నబిడ్డను వదులుకున్నవాళ్లు చాలామందికి, ఇక ఇళ్లకు పోండి, పెళ్లిళ్లు చేసుకోండి, పొయ్యి దగ్గర కూచోండి అన్న మాటే దక్కింది. దొరను ఎదిరించడానికి పనికొచ్చిన గొంతు ఇంట్లో పనికిరాలేదు. నిరంకుశత్వాన్ని కూల్చిన ఉద్యమం కూడా తన ఇంట్లోని చిన్న నిచ్చెనను ముట్టుకోలేదు. నిందించడానికి చెప్పడం లేదు. ఆ మెట్టు అట్లాగే ఉంటే ఇంకొకడు వచ్చి దాని మీద నిలబడతాడని చెప్పడం.

అట్లాగే జరిగింది. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. ఈసారి సింహాసనం లేదు, ఎన్నికైన ప్రభుత్వం, అందులోనూ ఒక స్త్రీ ప్రధాని. నెల తిరిగేసరికి, జులై 25న, అప్పటి వరంగల్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి సూరపనేని జనార్దన్‌ను, మరో ముగ్గురు యువకులను మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో చంపారు. పోలీసులు ఎదురుకాల్పులన్నారు. తార్కుండే కమిటీ, పట్టుకొచ్చి కాల్చారని తేల్చింది. ప్రెస్‌కు సెన్సారు, కోర్టుల్లో నిస్సహాయత. ఒక్క 1976-77లోనే దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. హిట్లర్ కనమన్నాడు, ఇక్కడ కనొద్దన్నారు, శరీరం మాత్రం రెండుచోట్లా సర్కారుదే. 1977 ఎన్నికల్లో ఉత్తరదేశం ఆ ప్రభుత్వాన్ని ఊడ్చేసింది. ఆంధ్రప్రదేశ్ 42 స్థానాల్లో 41 అదే పార్టీకి ఇచ్చింది. దీనికి రాజకీయ విశ్లేషకులు చాలా కారణాలు చెప్తారు. నాకు మాత్రం మా ఊళ్లో ఓటు వేయడానికి పోతూ కూడా దొర ఇంటి వైపు చూసే అలవాటు గుర్తొస్తుంది.

మరుసటి ఏడాది, 1978 సెప్టెంబరు 7న, జగిత్యాలలో వేలాది రైతుకూలీలు ఊరేగింపు తీశారు. వాళ్లు అడిగినవాటిలో వెట్టి రద్దు ఒకటి. నిజాం గద్దె దిగి ముప్పై ఏళ్లయింది! ఊళ్లు దొరలను వెలివేశాయి, మంగలి, చాకలి పని చేయమన్నారు. అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గడి ఖాళీ కావడం నిజంగా ఆ తర్వాతే మొదలైంది. సింహాసనం పోవడానికి అయిదు రోజుల సైనిక చర్య చాలింది. గడప దగ్గరి అధికారం పోవడానికి ముప్పై ఏళ్లు చాలలేదు.

మా నాయనమ్మ గొంతు తగ్గించడం ఇప్పుడు నాకు అర్థమవుతున్నది. ఆమె తప్పు లెక్క వేయలేదు. పట్నంలో ఉన్నరు అన్నప్పుడు ఆమె చూస్తున్నది గడిని కాదు, నిచ్చెనను.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. నా సిద్ధాంత వ్యాసం మొదటి ప్రతిలో, వెట్టి అధ్యాయం మొదట్లో ఒక వాక్యం ఉండేది. "మా నాయనమ్మ తల్లి గడిలో వడ్లు దంచింది." చదివిన ఒక పెద్దాయన, మంచి మనిషే, "పరిశోధనలో సొంత సంగతులు ఎందుకమ్మా, రేపు ఎవరైనా ఏమైనా అంటే?" అన్నారు. ఆయన బెదిరించలేదు. తీసేయమని కూడా అనలేదు. ఆ రాత్రి నేనే తీసేశాను. ఎవరూ అడగని అనుమతిని నేనే అడిగి, నేనే నిరాకరించుకున్నాను. గస్తీ నిషాన్ 53 రద్దయి అప్పటికి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకుంటే నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

నియంత ఎట్లా వస్తాడు, ఎట్లా నిలబడతాడు అని ఇవాళ చాలామంది భయంగా అడుగుతున్నారు. పైన ఎవరు కూచున్నారో చూడటం అవసరమే. దానితోపాటు మన ఇళ్లలో, డిపార్ట్‌మెంట్లలో, సంఘాల్లో, మన సంపాదకవర్గాల్లో ఎవరి పేరు ఎత్తేటప్పుడు గొంతు తగ్గుతున్నదో కూడా చూసుకోవాలి. వచ్చేవాడు నిలబడేది ఆ తగ్గిన గొంతుల మీదనే.

మా నాయనమ్మ పోయి నాలుగేళ్లయింది. దొర పేరు గట్టిగా తియ్యకుండానే పోయింది. ఆమె తల్లి పేరు రాజమ్మ. రాజమ్మ గడిలో వడ్లు దంచింది. తీసేసిన వాక్యాన్ని ఇక్కడ తిరిగి రాసుకుంటున్నాను.